ఇంటిల్లిపాదికీ ఒక కారు, ఒక్కొక్కరికీ ఒక బెల్టు

కారు ప్రమాదంలో దెబ్బ ఒక్కటి కాదు, మూడు. మొదట కారు వెళ్లి లారీనో, డివైడర్‌నో, చెట్టునో గుద్దుకుంటుంది. కారు ఆగినా లోపలి మనిషి ఆగడు. అప్పటిదాకా కారు ఎంత వేగంతో పోతోందో అంతే వేగంతో ముందుకు దూసుకెళ్లి స్టీరింగుకో, డ్యాష్‌బోర్డుకో, ముందు సీటు వెనక భాగానికో కొట్టుకుంటాడు. అది రెండో దెబ్బ. మూడోది ఒంటి లోపల తగులుతుంది: ఛాతీ ఆగినా గుండె, కాలేయం, మెదడు ఇంకా కదులుతూనే ఉండి ఎముకలకు తగులుతాయి. పైకి పెద్ద గాయం కనిపించని మనిషి కూడా ఆసుపత్రికి చేరాక ప్రాణం పోగొట్టుకోవడానికి ఇదొక కారణం. భద్రత పేరుతో కారులో అమర్చేవన్నీ ప్రధానంగా రెండు పనులు చేస్తాయి. మనిషి ఆగడానికి పట్టే సమయాన్ని కాస్త పెంచుతాయి, దెబ్బ ఒకే చోట పడకుండా ఒంటిలోని గట్టి ఎముకల మీదకు పంచుతాయి.

గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడం దాదాపు అయిదంతస్తుల మేడ మీంచి కింద పడటంతో సమానం. ఊళ్ల మధ్య రోడ్డు మీద ఎవరూ ఎక్కువనుకోని వేగం అది.

నలిగే ముందు భాగం, నలగని గది

కారు చూడటానికి వెళ్లినప్పుడు బానెట్ మీద వేలితో కొట్టి రేకు మందమెంతో చూసేవారు చాలామంది. అసలు బలం ఆ రేకులో ఉండదు. కారు ముందు భాగాన్ని నలిగేలాగే తయారుచేస్తారు. అది ఎంతసేపు నలిగితే దెబ్బ తీవ్రత అంత తగ్గుతుంది. మనుషులు కూర్చునే భాగం మాత్రం నలగకూడదు. అందుకే తలుపుల మధ్య స్తంభాలు, పైకప్పు పట్టీలు, తలుపుల కింద అడ్డంగా పోయే దూలాలు అధిక బలమున్న ఉక్కుతో చేస్తారు. ప్రమాదం తర్వాత ముందు భాగం తుక్కుతుక్కయి, తలుపులు మాత్రం మామూలుగా తెరుచుకుంటే ఆ కారు తన పని సరిగ్గా చేసినట్టే.

ఇక లోపలి మనిషిని పట్టి ఉంచేది సీటు బెల్టు. భుజం మీదుగా, నడుం మీదుగా మూడు చోట్ల బిగిసే బెల్టును 1959లో వోల్వో ఇంజినీరు నీల్స్ బోలిన్ రూపొందించాడు. మిగతా కంపెనీలు కూడా వాడుకునేలా వోల్వో ఆ పేటెంటును అందరికీ వదిలేసింది. అరవై ఏళ్లు దాటినా అంతకంటే ఎక్కువ ప్రాణాలు కాపాడే పరికరం కారులోకి మరొకటి రాలేదు. ఎయిర్‌బ్యాగ్ దానికి తోడు మాత్రమే. సెకనులో ఇరవయ్యో వంతు సమయంలో అది పేలినట్టుగా ఉబ్బుతుంది. బెల్టుతో వెనక్కి పట్టి ఉంచిన మనిషికి అది మెత్తగా ఆసరా అవుతుంది. బెల్టు లేకుండా అప్పటికే ముందుకు వాలిపోయిన మనిషిని అదే ఎయిర్‌బ్యాగ్ గాయపరచగలదు.

మన దేశంలో ఈ పరికరాలు విడతలవారీగా తప్పనిసరి అయ్యాయి. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా, స్టీరింగు చేతి మాట వినేలా చేసే ఏర్పాటు అది. అదే ఏడాది జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ముందు సీట్లకు బెల్టు గుర్తుచేసే బీప్, 80 కిలోమీటర్లు దాటితే హెచ్చరించే మోత, వెనక పార్కింగ్ సెన్సర్లు వచ్చాయి. ఆ తర్వాత డ్రైవర్ పక్క సీటుకూ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉండాలని 2022లో ప్రతిపాదన వచ్చినా చట్టం కాలేదు. పోటీ వల్ల చాలా కంపెనీలు వాటిని చిన్న కార్లలో కూడా ఇస్తున్నాయి. 2025 ఏప్రిల్ నుంచి వెనక సీట్లకూ బెల్టు హెచ్చరిక తప్పనిసరి అయింది.

వెనక సీటు సంగతి

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారు. వారిలో సీటు బెల్టు పెట్టుకోనివారు 16,715 మంది. అందులో డ్రైవర్లు 8,384 మంది, మిగిలిన 8,331 మందీ ప్రయాణికులే. నడిపేవారితో దాదాపు సమానంగా కూర్చున్నవారూ పోతున్నారు. అయినా మన ఇళ్లలో బెల్టంటే డ్రైవరు చలానాకు భయపడి పెట్టుకునే వస్తువనే అభిప్రాయం పోలేదు.

2022 సెప్టెంబరు 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో మరణించారు. ఖరీదైన విదేశీ కారు అది. వెనక కూర్చున్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదు, ఇద్దరూ చనిపోయారు. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. వెనక సీటు గురించి దేశమంతా మాట్లాడుకున్నది ఆ తర్వాతే. నిజానికి వెనకవారు కూడా బెల్టు పెట్టుకోవాలన్న నిబంధన కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 138వ నియమం కింద ముందు నుంచీ ఉంది. 2019 సవరణ చట్టం దానికి వెయ్యి రూపాయల జరిమానా పెట్టింది.

వెనక బెల్టు పెట్టుకోని మనిషి తనకే కాదు, తన ముందున్న మనిషికీ ప్రమాదమే. గుద్దుకున్న క్షణంలో అతని బరువంతా వెళ్లి ముందు సీటు మీద పడుతుంది. బెల్టు పెట్టుకుని జాగ్రత్తగా నడుపుతున్న తండ్రి వెనక నుంచి వచ్చిన ఆ దెబ్బకు స్టీరింగుకూ సీటుకూ మధ్య నలిగిపోతాడు.

బీప్ మోత భరించలేక బెల్టు కొక్కెంలో ఉత్త క్లిప్పు గుచ్చేవారూ ఉన్నారు. ఆన్‌లైన్‌లో ఈ క్లిప్పుల అమ్మకం ఎంత పెరిగిందంటే, 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఈ-కామర్స్ కంపెనీలను వాటిని తీసేయమని ఆదేశించింది. మొత్తం 13,118 లిస్టింగులు తొలగించారు. క్లిప్పు పెట్టుకున్నవారికి ప్రమాదం జరిగితే బెల్టు లేదని బీమా కంపెనీ పేచీ పెట్టే అవకాశం కూడా ఉంటుంది.

నక్షత్రాలను చదవడం ఎలా

కార్లకు భద్రత మార్కులు వేయడం మన దేశంలో కాస్త అలజడితోనే మొదలైంది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఇక్కడ బాగా అమ్ముడయ్యే అయిదు చిన్న కార్లను ఎయిర్‌బ్యాగులు లేని వేరియంట్లలో పరీక్షించింది. అయిదింటికీ సున్నా వచ్చింది. వాటిలో ఒకటైన ఫోక్స్‌వ్యాగన్ పోలోకే రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి పరీక్షిస్తే నాలుగు నక్షత్రాలు వచ్చాయి. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్‌కు అయిదు నక్షత్రాలు వచ్చాయి. మన దేశంలో తయారై ఆ మార్కు అందుకున్న తొలి కారు అదే. 2024 నవంబరులో కొత్త డిజైర్‌తో మారుతి కంపెనీ మొదటిసారి అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది.

సొంత పరీక్షా పద్ధతి అయిన భారత్ ఎన్‌క్యాప్‌ను కేంద్రం 2023 ఆగస్టు 22న ప్రకటించింది. అక్టోబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. మూడున్నర టన్నుల లోపు ప్యాసింజర్ కార్లను కంపెనీలు స్వచ్ఛందంగా ఈ పరీక్షకు పంపుతాయి. మొదటి ఫలితాలు అదే ఏడాది డిసెంబరులో టాటా సఫారీ, హారియర్‌లకు వచ్చాయి.

పరీక్షలో కారును 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు గుద్దిస్తారు. ముందు భాగంలో నలభై శాతమే గోడకు తగులుతుంది. ఎదురుగా వచ్చే వాహనం ఒక పక్కన గుద్దినట్టన్నమాట. తర్వాత పక్క నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఒక దిమ్మెను కారుకు గుద్దిస్తారు. మూడు నక్షత్రాలో అంతకన్నా ఎక్కువో కావాలంటే 29 కిలోమీటర్ల వేగంతో స్తంభానికి పక్కవాటుగా గుద్దించే పరీక్షలోనూ నెగ్గాలి. జారే మలుపులో కారు అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ వ్యవస్థ కూడా ఉండాలి. పెద్దల భద్రతకు 32 మార్కులు, పిల్లల భద్రతకు 49 మార్కులు ఉంటాయి. అయిదు నక్షత్రాలకు మొదటిదాంట్లో 27, రెండోదాంట్లో 41 రావాలి.

నక్షత్రాల సంఖ్య చూసి ఆగిపోకూడదు. ఫలితపత్రంలో ఏ వేరియంటును పరీక్షించారో రాసి ఉంటుంది. పిల్లలున్న ఇల్లయితే పిల్లల మార్కులు విడిగా చూడాలి. ఇంకో సంగతి: ఆ పరీక్ష దాదాపు తన బరువే ఉన్న మరో కారుతో గుద్దుకున్నట్టు లెక్క. అయిదు నక్షత్రాల కారైనా వంద దాటిన వేగంతో లారీ కిందకు దూరితే ఆ నక్షత్రాలు పనికిరావు.

ఇంటికి తగిన బండి

ఎంపికలో మొదటి ప్రశ్న కంపెనీ పేరు కాకూడదు. రోజూ ఎందరు కూర్చుంటారు, ఏడాదిలో ఎన్నిసార్లు ఎక్కువమంది ఎక్కుతారు అన్నది ముందు తేల్చుకోవాలి. ఆలుమగలు, ఒకరిద్దరు పిల్లలు ఉండే ఇంటికి మంచి రేటింగున్న హ్యాచ్‌బ్యాక్ లేదా సెడాన్ చాలు. తాతయ్య, నాయనమ్మలు ఉంటే ఎక్కడానికీ దిగడానికీ సీటు ఎత్తు ముఖ్యం. మోకాళ్ల నొప్పులున్నవారికి కిందికి కూలబడాల్సిన సెడాన్ కంటే నిలబడి అలాగే కూర్చోగల ఎత్తు సీటు హాయి. టెస్ట్ డ్రైవ్‌కు కుర్రాళ్లు మాత్రమే వెళ్లకుండా పెద్దవాళ్లను కూడా ఎక్కించి చూడాలి.

ఎత్తు ఎక్కువైన బండికి ఒక ఇబ్బంది ఉంది. దాని గరిమనాభి పైన ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా స్టీరింగు తిప్పితే ఒరిగే అవకాశం ఎక్కువ. ఎస్‌యూవీ కొనేవారు ఈఎస్‌సీ ఉన్న వేరియంటునే తీసుకోవడం మంచిది.

ఏడు సీట్ల బళ్లలో మూడో వరుసను ప్రత్యేకంగా చూడాలి. అక్కడ మూడు చోట్ల బిగిసే బెల్టు ఉందా, తల వెనక హెడ్‌రెస్ట్ ఉందా, పక్క నుంచి రక్షించే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ అక్కడిదాకా వస్తుందా అని అడగాలి. చాలా బళ్లలో మూడో వరుసకూ వెనక డిక్కీ తలుపుకూ మధ్య దూరం జానెడే. కుటుంబం తిరుపతికో శ్రీశైలానికో బయల్దేరినప్పుడు పిల్లలను ఎక్కించేది మాత్రం అక్కడే. సీటింగు ఏడుగురికైతే ఏడుగురే ఎక్కాలి. బెల్టు లేని ఎనిమిదో మనిషికి కారులో చోటు లేదు.

ధర విషయానికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు లేదా 1500 సీసీ లోపు డీజిల్ ఇంజిను ఉన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకంటే పెద్దవాటికి 40 శాతం. అదే బడ్జెట్‌లో ఒక మెట్టు పై వేరియంటు దొరికితే డబ్బు ఎక్కడ పెట్టాలన్నది కొనేవారి చేతిలో ఉంటుంది. షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు మొదట చూపించేది సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, అలాయ్ వీల్స్. అడగాల్సినవి ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, అందరికీ మూడు చోట్ల బిగిసే బెల్టు, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు, టైర్లలో గాలి చెప్పే సూచిక. సన్‌రూఫ్ లోంచి తల బయటపెట్టి నిలబడిన పిల్లవాడికి బెల్టు ఉండదు. సడెన్ బ్రేకు వేస్తే చాలు, పైకప్పు అంచుకు ఛాతీ తగులుతుంది.

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవారు బెల్టును పూర్తిగా బయటకు లాగి చూడాలి. చిరుగులు, అతుకులు, తడిసి ఎండిన మరకలు కనిపిస్తే ఆ బండి ప్రమాదంలోనో వరదలోనో చిక్కుకుని ఉండవచ్చు. ఇంజిను ఆన్ చేసినప్పుడు ఎయిర్‌బ్యాగ్ దీపం ఒకసారి వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకుండా ఉన్నా అనుమానించాల్సిందే.

ఒడి సీటు కాదు

పసిబిడ్డను ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం తల్లికి సహజంగా అనిపిస్తుంది. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే పది కిలోల బిడ్డ సుమారు మూడు వందల కిలోల బలంతో ముందుకు పోతుంది. ఏ చేతులూ ఆపలేవు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టుకోవడం ఇంకా ప్రమాదం. తల్లి బరువు మొత్తం బిడ్డ మీద పడుతుంది.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టి ఉంచాలని మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ చెబుతోంది. చిన్నపిల్లలకు మెడ బలం తక్కువ, తల బరువెక్కువ. అందుకే మొదటి రెండేళ్లూ వెనక సీట్లో, కారు వెనక భాగం వైపు ముఖం పెట్టే సీటు మేలు. ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో దాన్ని ఎప్పుడూ పెట్టకూడదు. తర్వాత ముందుకు చూసే సీటు, ఆ తర్వాత బూస్టర్. ఎత్తు సుమారు 150 సెంటీమీటర్లు వచ్చేదాకా పెద్దల బెల్టు పిల్లల మెడకూ కడుపుకూ అడ్డం పడుతుంది. బూస్టర్ బిడ్డను కాస్త ఎత్తి బెల్టు భుజం మీదకూ తుంటి మీదకూ వచ్చేలా చేస్తుంది. సీటు సరిగ్గా బిగిసిందో లేదో తెలుసుకోవడానికి దాని అడుగున పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. అంగుళం కంటే ఎక్కువ కదిలితే మళ్లీ బిగించాలి.

కొన్నాక చేసే పొరపాట్లు

కొత్త కారు వచ్చిన వారంలోనే యాక్సెసరీల దుకాణానికి వెళ్తుంది. ముందు బిగించే ఇనుప గార్డును కేంద్రం 2017 డిసెంబరులోనే నిషేధించింది. అది దెబ్బను నేరుగా ఛాసిస్‌కు పంపి, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు లెక్క తప్పేలా చేస్తుంది, పాదచారులకు ప్రాణాంతకం అవుతుంది. పక్క ఎయిర్‌బ్యాగులు ముందు సీటు వీపు అంచులో దాగి ఉంటాయి. మందపాటి రెగ్జిన్ కవరు తొడిగితే అవి తెరుచుకోలేవు. కంపెనీ అనుమతించిన కవరే వేయించాలి.

డ్యాష్‌బోర్డు మీద వినాయకుడో, వెంకన్నో, మరియమ్మో లేని కారు మన ఊళ్లలో అరుదు. పక్క సీటు ముందు డ్యాష్‌బోర్డు పైమూత కిందే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. దాని మీద అంటించిన ఇత్తడి విగ్రహం ఆ క్షణంలో నేరుగా ముఖం మీదకు వస్తుంది. ఎయిర్‌బ్యాగ్ మూతకు దూరంగా, గుచ్చుకోని చిన్న చిత్రపటం అంటించుకుంటే భక్తికీ లోటుండదు.

డెలివరీ రోజు డీలరు పని

కొత్త కారు తాళాలు చేతికొచ్చాక తెలుగు కుటుంబం మొదట వెళ్లేది వాహన పూజకు. విశాఖలో సంపత్ వినాయక ఆలయం, జగిత్యాల జిల్లాలో కొండగట్టు అంజన్న సన్నిధి ఇందుకు పేరుపొందాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం, కొబ్బరికాయ కొట్టడం మరిచిపోరు. అంతకుముందు షోరూమ్‌లో జరిగే డెలివరీ మాత్రం చాలాచోట్ల పూలదండ, కేకు, ఫొటోతో ముగుస్తుంది. ఆ అరగంటలోనే ఇంటిల్లిపాదీ కారు ముందు కలిసి ఉంటారు. వెనక బెల్టు ఎలా పెట్టుకోవాలి, హెడ్‌రెస్ట్ ఎంత ఎత్తులో ఉండాలి, ఐసోఫిక్స్ కొక్కేలు ఎక్కడున్నాయి, వెనక తలుపుల చైల్డ్ లాక్ ఎలా వేయాలి, గాలి ఎంత ఉండాలి అన్నవి చూపించడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

ఊరికి తిరిగిచ్చేది

కార్ల షోరూమ్ ఊరితో ముడిపడిన వ్యాపారం. కొన్నవారే సర్వీసుకు వస్తారు, వారి బంధువులే మళ్లీ కొంటారు. అందుకే ఊరి కోసం ఎంతో కొంత ఖర్చుపెట్టే ఆనవాయితీ చాలా దేశాల్లో ఉంది. అమెరికాలో సుబారు కంపెనీ 2008 నుంచి ఏటా చలికాలంలో ‘షేర్ ద లవ్’ పేరుతో ఒక కార్యక్రమం నడుపుతోంది. ఆ రోజుల్లో అమ్మిన ప్రతి కొత్త కారుకు 250 డాలర్లు విరాళం ఇస్తుంది. ఆ డబ్బు ఎవరికి చేరాలో కొన్నవారే ఎంచుకుంటారు. జబ్బుపడిన పిల్లల కోరికలు తీర్చే మేక్-ఎ-విష్, వృద్ధులకు ఇంటికి భోజనం పంపే మీల్స్ ఆన్ వీల్స్ లాంటి జాతీయ సంస్థలతోపాటు డీలరు ఎంచుకున్న స్థానిక సంస్థ కూడా జాబితాలో ఉంటుంది.

అదే దేశంలో పిల్లల కారు సీటును ఉచితంగా తనిఖీ చేసే శిబిరాలు జరుగుతాయి. అక్కడ చాలా ఆసుపత్రులు బిడ్డకు కారు సీటు ఉందని చూశాకే బాలింతను ఇంటికి పంపుతాయి. కూతురి పురుడుకు అమెరికా వెళ్లొచ్చిన అమ్మమ్మలకు ఇది తెలిసిన సంగతే. ఇక్కడికొచ్చాక అదే మనవడిని ఒడిలో కూర్చోబెట్టుకోవడమూ మామూలే.

మన దేశంలో కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ నుంచి సామాజిక బాధ్యత ఖర్చును తప్పనిసరి చేసింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. పెద్ద డీలర్‌షిప్ కంపెనీలు దీని కిందకు వస్తాయి. చిన్న ఊళ్లలోని షోరూమ్‌లు చేసేది వారి ఇష్టం. రోడ్డు భద్రత మీద అవగాహన, డ్రైవర్లకు శిక్షణ, ప్రమాద బాధితులకు వైద్య సాయం ఈ ఖర్చు కిందకు వస్తాయని కంపెనీ వ్యవహారాల శాఖ 2014 జూన్ 18 నాటి సర్క్యులర్‌లో చెప్పింది. ఒక్కరోజు మారథాన్లు, అవార్డులు, ప్రకటనలు, టీవీ కార్యక్రమాల స్పాన్సర్‌షిప్ రావనీ అదే సర్క్యులర్ స్పష్టం చేసింది. దానానికీ ప్రచారానికీ మధ్య చట్టం గీసిన గీత అది.

మన షోరూమ్‌లు రక్తదాన శిబిరాలు పెడతాయి, వేసవిలో చలివేంద్రాలు నడుపుతాయి, బడిపిల్లలకు నోటుపుస్తకాలు పంచుతాయి. అవన్నీ మంచివే. కారు గురించి తెలిసిన సంస్థ మాత్రమే ఇవ్వగలిగినవి మరికొన్ని ఉన్నాయి. పిల్లల సీటు ఖరీదు భరించలేని కుటుంబాలకు దాన్ని అద్దె లేకుండా ఇచ్చి, బిడ్డ పెరిగాక వెనక్కి తీసుకుని, ప్రమాదంలో దెబ్బతినలేదని నిర్ధారించుకున్నాకే మరొకరికి ఇవ్వవచ్చు. నెలకో ఆదివారం ఏ కంపెనీ కారైనా సరే బెల్టులు, బ్రేకులు, టైర్లు ఉచితంగా చూసి పంపవచ్చు. అద్దె కార్ల డ్రైవర్లకు, మెకానిక్‌లకు, క్రేన్ సిబ్బందికి ప్రథమ చికిత్స నేర్పించవచ్చు, ఎందుకంటే ప్రమాదం జరిగిన చోటుకు ముందుగా చేరేవారిలో వారూ ఉంటారు.

ఆ శిక్షణలో చట్టం గురించీ చెప్పాలి. గాయపడినవారిని సదుద్దేశంతో ఆసుపత్రికి చేర్చినవారిని కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షిస్తుంది. ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో అమల్లోకి తెచ్చింది. పోలీసులు, కోర్టులు అన్న భయంతో చాలామంది ఇప్పటికీ పక్కకు తప్పుకుంటున్నారు. ఆ భయం పోగొట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

విరాళాల బోర్డు పెట్టిన షోరూమ్‌ను కొనుగోలుదారు కొన్ని సూటి ప్రశ్నలు వేయవచ్చు. కారుకు ఎంత ఇస్తున్నారు, ఆ డబ్బు ధరలో కలిపారా, తమ లాభంలోంచి ఇస్తున్నారా, ఏ సంస్థకు చేరింది, నిరుటి లెక్క ఎక్కడ చూడవచ్చు? నిజంగా ఇచ్చేవారికి వీటికి జవాబు చెప్పడం కష్టం కాదు. భద్రత గురించి అడిగితే వేరియంటు వారీగా జవాబు చెప్పి, దానం గురించి అడిగితే లెక్క చూపించగలిగిన డీలరు దగ్గర కొనడం కుటుంబానికీ ఊరికీ మేలు.